పిడి చెక్క కింద నంబరు

మొదటి పాత మిలిటరీ పిస్టల్ కొనేముందు ఏం చూడాలి ఆంటీ అని ఇప్పటికీ ఫోన్ చేసే కుర్రాళ్లున్నారు. నేను రిటైరయ్యాను బాబూ, ఇప్పుడు చూసేవి కుక్కర్ విజిళ్లు మాత్రమే అంటే వినరు. వాళ్లలో సగం మంది మన సాఫ్ట్‌వేర్ పిల్లలే. వారమంతా కంటికి కనబడని సరుకుతో పనిచేసేవాళ్లకి శనివారం వచ్చేసరికి చేతికి బరువు తగిలే వస్తువొకటి కావాలనిపిస్తుందేమో. అందుకు నేను తప్పు పట్టను. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక, చెప్పాల్సిందంతా ఒకసారే రాసి పెడదామని కూర్చున్నాను. రాయబోతే సలహాలకన్నా ముందు నేను చేసిన ఒక వెధవ పని గుర్తుకొచ్చింది. అది చెప్పకుండా సలహాలివ్వడానికి మొహం చెల్లడం లేదు.

నేను చదివింది మెటలర్జీ. అమెరికాలో ఉత్తరాన నోవైలో కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీ ల్యాబ్‌లో ఉక్కు ఎంత గట్టిదో పరీక్షించే ఉద్యోగం చేసేదాన్ని. ఒక చలికాలం సగం ల్యాబ్‌ని ఇంటికి పంపించేశారు. ఆ సగంలో నేనూ ఉన్నాను. అదే ఏడాది మా ఆయనకి అల్ఫారెట్టాలో పని దొరికితే మంచు పారలన్నీ పక్కింటివాళ్లకిచ్చేసి దక్షిణానికొచ్చాం. ఇక్కడ ఊరి బయట పాత సామాన్లు వేలం వేసే సంస్థ ఒకటుండేది. కత్తులు, తుపాకులు, సైన్యం బిళ్లలు, అలాంటివి. లోహం గురించి తెలిసిన మనిషి కావాలని వాళ్లు ప్రకటన ఇస్తే, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వెళ్లాను.

యజమాని సైన్యంలో చేసి వచ్చిన పెద్దాయన. నా ముందు రెండు తుప్పు పట్టిన ముక్కలు పెట్టి, "వీటిలో ఏ తుప్పు వందేళ్లది, ఏది నిరుడు ఉప్పునీళ్లు పోసి తెప్పించింది?" అని అడిగాడు. చెప్పాను. "సోమవారం రండి మేడమ్," అన్నాడు. అక్కడ పనిచేసిన పదకొండేళ్లూ ఆయన నన్ను మేడమ్ అనే పిలిచాడు. కోపం వచ్చినా మేడమే. ఆ మాటని ఎంత గట్టిగా అన్నాడన్నదాన్ని బట్టి కోపం ఎంతో తెలుసుకునేదాన్ని.

నా పని, వచ్చిన ప్రతి వస్తువునీ పరీక్షించి అదేమిటో, ఎప్పటిదో, ఎంత అసలుదో కేటలాగ్‌లో రాయడం. ఆ పని నేర్పిన సంగతులు చెబుతాను, వినండి. మొదట పిస్టల్ కొనకండి, దాని గురించిన పుస్తకం కొనండి. అదే మోడల్‌వి పది చూసేదాకా పర్స్ తీయకండి. తళతళలాడే పాత పిస్టల్ కనబడితే చేతులు వెనక్కి కట్టుకోండి. ఎవరో దాన్ని మిషన్ మీద రుద్దారని అర్థం. అనుమానముంటే దాని మీద చెక్కిన అక్షరాలు చూడండి. అసలు అక్షరానికి అంచులు పదునుగా ఉంటాయి, రుద్దినదానికి అరిగిన సబ్బు మీద పేరులా ఉంటుంది. విడిభాగాల మీద నంబర్లు ఒకదానితో ఒకటి కలవాలి. స్క్రూల తలలు చూడండి. గాడి చెదిరి ఉంటే లోపలికి ఎవరో వెళ్లొచ్చారు. ఎందుకు వెళ్లారో అమ్మేవాణ్ని అడగండి. కొన్నాక మాత్రం దయచేసి పాలిష్ చేయకండి. దాని మీది నలుపు మురికి కాదు, వయసు.

ఇవన్నీ తప్పినా పోయేది మీ సరదా ఒక్కటే. తప్పకూడనిది ఇంకొకటుంది. ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం 1898 దాకా తయారైన పిస్టల్ యాంటిక్, అంటే పాత వస్తువు. ఆ తర్వాత తయారైతే అది ఆయుధం. చట్టం చూసేది ఫ్రేమ్‌ని. బ్యారెల్, గుళ్లు పెట్టే చక్రం, పిడి చెక్కలు అన్నీ తగిలించే మొండెం అన్నమాట. H-1 వీసా మీదున్నవాళ్లు, వేట లైసెన్సు లాంటి ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఆయుధం దగ్గర పెట్టుకుంటే నేరం. చిన్న నేరం కాదు, పెట్టె సర్దుకుని విమానం ఎక్కాల్సి వచ్చే నేరం. స్టేట్‌ని బట్టి మళ్లీ వేరే నిబంధనలుంటాయి. అందుకని మన పిల్లలు మా దగ్గరికొస్తే యాంటిక్ అని కేటలాగ్‌లో రాసినవాటి వైపే నడిచేవాళ్లు. ఆ రాసేది నేనే కాబట్టి వాళ్ల వీసాలు నా పెన్ను కింద ఉన్నట్టే లెక్క. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అప్పట్లో అలా ఆలోచించలేదు.

ఒక ఏడాది వసంతకాలం వేలానికి యూరప్‌లో ఒక దేశపు సైన్యం వాడిన రివాల్వర్ వచ్చింది. బ్యారెల్ పైన 1892 అని ఉంది. కొత్తవాళ్లు అది చూసి మురిసిపోతారు. అది మోడల్ పుట్టిన ఏడాది, ఆ ఫలానా పిస్టల్ పుట్టిన ఏడాది కాదు. ఆ మోడల్‌ని ఇరవయ్యో శతాబ్దంలోనూ చేస్తూనే ఉన్నారు. నాకా తేడా తెలుసు. తెలుసని కొంచెం గర్వం కూడా ఉండేది. బ్యారెల్ పక్కన తయారీ సంవత్సరం వెతికాను. 1897. బ్యారెల్ మీద, ఫ్రేమ్ మీద బయటికి కనిపించే చివరి మూడంకెలూ కలిశాయి. మొత్తం నంబరు, దాని ముందుండే అక్షరం మాత్రం పిడి చెక్క కింద ఉంటాయి. అది చూడాలంటే స్క్రూ తీయాలి. తిప్పితే కదల్లేదు. మొండికేసిన స్క్రూతో కుస్తీ పట్టొద్దని మా యజమాని శాసనం. ఒక చుక్క నూనె వేసి, రేపు చూద్దామని పక్కన పెట్టాను. రేపు ఇంకో నలభై వస్తువులు దిగాయి. నా చెయ్యి దానంతటదే 'యాంటిక్' అని రాసేసింది.

వేలానికి ముందు రోజు సరుకంతా బల్లల మీద పరిచి, కొనేవాళ్లని చూసుకోనిస్తాం. ఆ రోజు ఒక కుర్రాడు వచ్చాడు. నిజామాబాద్ వైపు నుంచి. ముప్ఫై ఏళ్లుంటాయి. రెండేళ్ల నుంచి పుస్తకాలు చదువుతూ, ప్రతి వేలానికీ వచ్చి, ఏమీ కొనకుండా చూసి వెళ్లేవాడు. నాకెంతో నచ్చిన కొనుగోలుదారు. ఆ రివాల్వర్ చేతిలోకి తీసుకుని, బల్ల దగ్గర నిలబడ్డ, పాత తుపాకులు సేకరించే ఇద్దరు ముసలివాళ్లతో, "ఈవిడ మా తెలుగు ఆంటీ. ఈవిడ చూసిందంటే ఇక తిరుగులేదు," అని ఇంగ్లీషులో పరిచయం చేశాడు. వెంటనే అదే గొంతుతో, ఇంగ్లీషులోనే నన్నడిగాడు, "ఆ రోజుల్లో రిపేర్‌కి వచ్చినప్పుడు బ్యారెల్స్ మార్చేవాళ్లట. పిడి చెక్క కింద ఫుల్ నంబర్ చూశారా?"

సరైన ప్రశ్న. అడగాల్సిన మనిషిని, అడగాల్సిన చోట అడిగాడు. ఆ ఇద్దరు ముసలివాళ్లూ నా వైపు చూశారు. పక్క బల్ల దగ్గరున్న మా యజమాని కూడా చూశాడు.

"చూశాం," అన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. తెలుగులో, నెమ్మదిగా, "భయం లేదు బాబూ, తీసుకో," అని కూడా అన్నాను.

మర్నాడు అతనే పాడుకున్నాడు. పెళ్లికూతురిని తీసుకెళ్లినట్టు మెత్తటి గుడ్డలో చుట్టి తీసుకెళ్లాడు. స్క్రూ సంగతి వారం రోజులు గుచ్చింది, తర్వాత మానింది.

ఆరు నెలలు గడిచాయి. దసరాకి ఆ అబ్బాయి వాళ్లింట్లో ఆయుధపూజకి పిలిచాడు. వాళ్లమ్మ ఇండియా నుంచి వచ్చి ఉంది. మధ్యాహ్నానికి వెళ్లాను. గరాజ్‌లో రెండు కార్లకీ గంధం బొట్లు, చక్రాల కింద నిమ్మకాయలు, ల్యాప్‌టాప్‌కి బొట్టు, గడ్డి కోసే మిషన్‌కి పూలదండ. అన్నీ చూసి నవ్వుకుంటూ లోపలికి వెళ్తే దేవుడి ముందు ఇత్తడి పళ్లెంలో, ఎర్ర జాకెట్ గుడ్డ మీద ఆ రివాల్వర్ ఉంది. పసుపు నీళ్లతో స్నానం చేయించి, తడి మీదే కుంకుమ పెట్టారు. పిడి చెక్కల సందుల్లోంచి పసుపు నీళ్లు కారుతున్నాయి.

"అయ్యయ్యో, ఎంత పని చేశారండీ!" అని గట్టిగా అరిచాను.

"ఏమైందమ్మా?" అంది వాళ్లమ్మ, పెద్దగా కంగారేమీ పడకుండా. "ఇనుమేనాయె. నీళ్లు తగిల్తె కరిగిపోతదా? మా రైస్ మిల్లుల మోటర్లన్నిటికి గిట్లనే చేస్తం. ముప్పయ్యేండ్ల సంది నడుస్తున్నయి."

"మోటారుకి రోజూ గ్రీజు పెడతారు కదండీ. దీని లోపల తడి ఆగిపోతే రేపటికి తుప్పు లేస్తుంది," అని ఆ అబ్బాయి చేత పాత టవలు, కళ్లద్దాలు బిగించుకునే చిన్న స్క్రూడ్రైవర్ తెప్పించాను. ఆరు నెలల కిందట కదలని స్క్రూ, నేను వేసిన నూనె చుక్క పుణ్యమా అని, చెప్పిన మాట విన్న పిల్లలా తిరిగింది. చెక్క ఊడొచ్చింది. పసుపు తుడిచాను. దాని కింద మొత్తం నంబరు, దాని ముందు అక్షరం బయటపడ్డాయి.

ఆ అక్షరం వరస ఏ ఏడాది మొదలైందో చూడ్డానికి నాకు పుస్తకం అక్కర్లేదు. ఫ్రేమ్ ఇరవయ్యో శతాబ్దంలో తయారైంది. ఎప్పుడో పాడైన బ్యారెల్ తీసేసి, పాతదొకటి బిగించి, చివరి మూడంకెలూ కొత్తగా కొట్టారు సైన్యంవాళ్లు. వాళ్లు మోసమేమీ చేయలేదు. రిపేర్ చేసుకున్నారు, అంతే.

"బాబూ, నీకు గ్రీన్ కార్డ్ వచ్చిందా?" అని అడిగాను.

"ఎక్కడ ఆంటీ. H-1 మీదనే ఉన్న. ఫైల్ చేసినం, ఎప్పుడొస్తదో తెల్వదు. ఎందుకడుగుతున్నరు?"

చెప్పాను. అతను పళ్లెం పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు. "ఆర్నెల్ల నుంచి ఇంట్లోనే ఉంది ఆంటీ. డిసెంబర్‌ల తమ్ముని పెండ్లి. వీసా స్టాంపింగ్‌కి అపాయింట్‌మెంట్ కూడా బుక్ చేసిన," అన్నాడు.

"ఇక నువ్వు దాన్ని ముట్టుకోకు. నేను సిటిజన్ని, నేను తీసుకెళ్తాను. రేపు పొద్దున్నే లాయర్‌కి ఫోన్ చెయ్యి," అని దాన్ని టవల్లో చుట్టి లేచాను.

"పూజ చేసినదాన్ని పట్కపోతరా?" అంది వాళ్లమ్మ. కొడుకు మొహం చూశాక తనే పళ్లెం పక్కకి జరిపి నాకు దారిచ్చింది.

కారు డిక్కీలో పెట్టి తాళం వేస్తుంటే అతను వెనకాలే వచ్చాడు. "అప్పుడు చూసినమన్నరు కదా ఆంటీ?" అన్నాడు. నిలదీసినట్టు కూడా కాదు, అర్థంకాక అడిగినట్టు.

"షాపులో ఎవరో చూశారనుకున్నాను నాన్నా," అన్నాను. రెండో అబద్ధం మొదటిదానికన్నా సులువుగా వచ్చింది. ఇంటికి వెళ్తూ దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను, కానీ కారు వెనక్కి తిప్పలేదు.

సోమవారం పొద్దున రివాల్వర్ యజమాని బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాను. ఆయన దాన్ని తీసి సొరుగులో పెట్టి తాళం వేశాడు. "మనకి డీలర్ లైసెన్సుంది. మన దగ్గరుంటే ఇబ్బంది లేదు. అతనిచ్చిన డబ్బు అతనికి తిరిగి ఇచ్చేద్దాం. అక్కడితో అయిపోయింది," అన్నాడు. ఇక్కడిదాకా మంచి మనిషే.

మధ్యాహ్నానికి ఆ అబ్బాయి లాయర్ నుంచి కబురొచ్చింది. ఆమెకి మా నుంచి ఒక ఉత్తరం కావాలి. యాంటిక్ అని చెప్పి అమ్మింది మేమేనని, తప్పు మాదని, తెలిసిన రోజే అది అతని చేతిలోంచి వచ్చేసిందని సంతకంతో రాసివ్వాలి. రేపు ఎవరైనా అడిగితే, తెలిసి పెట్టుకోలేదని చెప్పడానికి అతని దగ్గరున్న ఆధారం అదొక్కటే. ఆ ఉత్తరం వచ్చేదాకా దేశం దాటొద్దని కూడా చెప్పింది.

యజమాని తల అడ్డంగా ఊపాడు. "ఆ కాగితం అతనికి గొడుగు, మనకి పిడుగు. ఆరు నెలలు ఎవరూ అడగలేదు మేడమ్. ఇక ముందూ అడగరు."

"అడిగితే?"

"లైసెన్సు పోతే ఇక్కడ తొమ్మిది మందికి ఉద్యోగం ఉండదు."

ఆయన మాటలో న్యాయం లేదని అనను. ఆ తొమ్మిది మందితో రోజూ కాఫీ తాగేదాన్ని. కానీ మేము చేసిన తప్పు అతని నెత్తిన పెట్టి మేము కాఫీ తాగడం నాకు మింగుడు పడలేదు. మంగళవారం మళ్లీ అడిగాను. బుధవారం ఆయన గదికి తలుపు వేసుకుంటే తలుపు అవతల నిలబడి అడిగాను. "మీరు సంతకం చేయకపోతే కేటలాగ్ రాసిన మనిషిగా నేను చేస్తాను. పరీక్షించింది నేను, రాసింది నేను. ఉద్యోగం పోవడం నాకు కొత్త కాదు," అన్నాను. ఆయన వద్దనలేదు.

గురువారం నా సొంత పేరుతో ఉత్తరం రాశాను. ఎంతో నాజూకుగా వచ్చింది. 'ఫ్రేమ్ మీది నంబరు పొరపాటున గమనించబడలేదు' అన్న ధోరణిలో. ఎవరు గమనించలేదో వాక్యంలో ఎక్కడా దొరకదు. ఉక్కు పరీక్షల రిపోర్టులు రాసి రాసి అలాంటి వాక్యాల్లో చెయ్యి తిరిగింది నాకు.

లంచ్ టైమ్‌లో ఆ అబ్బాయి వచ్చాడు. పార్కింగ్ లాట్‌లో కారుకి ఆనుకుని రెండుసార్లు చదివాడు. "నేను అడిగిన ముచ్చట ఇందులో లేదు ఆంటీ. అది ఉండాలని లాయర్ చెప్పింది. నేను అడిగిన, మీరు చూసినమన్నరు. షాపుల ఎవరు చూసిన్రో వాళ్ల పేరైనా రాయున్రి," అన్నాడు.

అప్పుడు కూడా ఇంకో దారి దొరుకుతుందేమోనని నా బుర్ర వెతికింది. దొరికేది కూడా. కానీ అతను నాలుగు రోజులుగా గడ్డం గీసుకోలేదు. కళ్ల కింద నల్లగా ఉంది. ఆ మొహం చూస్తూ మూడో అబద్ధం ఆడలేకపోయాను.

"ఎవరూ చూడలేదు నాన్నా. చూడాల్సింది నేను. స్క్రూ రాలేదు, వదిలేశాను. నువ్వడిగినప్పుడు అందరి ముందూ చూడలేదని చెప్పడానికి నామోషీ అనిపించింది. మొన్న మీ ఇంటి ముందు చెప్పింది కూడా అబద్ధమే."

అతను ఉత్తరాన్ని మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టాడు. అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది.

"చూడలేదని ఒక్క మాట చెప్పుంటే నేను ఆగేటోణ్ని కదా ఆంటీ," అన్నాడు.

అతని చేతిలోంచి ఉత్తరం తీసుకుని లోపలికి వెళ్లాను. మళ్లీ మొదట్నుంచి రాశాను. ఈసారి ప్రతి వాక్యానికీ 'నేను' ఉంది. నేను స్క్రూ తీయలేదు. అతను ఫలానా మాట అడిగాడు. చూశామని నేను చెప్పాను. అది నిజం కాదు. నిజం చెప్పి ఉంటే అతను కొనేవాడు కాదు. ప్రింట్ తీసి, సంతకం చేసి, ఒక కాపీ యజమాని బల్ల మీద పెట్టి, ఒకటి తీసుకెళ్లి అతనికిచ్చాను. అతను థాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

గంట తర్వాత యజమాని నా గది గుమ్మంలో నిలబడ్డాడు. "ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. మీరు చూశామంటే నమ్మాను," అని, "ఇంటికి వెళ్లండి, మేడమ్," అన్నాడు. ఆ మేడమ్ నేను పదకొండేళ్లలో విన్నవాటన్నిటిలోకీ గట్టిది. బ్యాగ్ తీసుకుని వచ్చేశాను. మా ఆయనకి చెబితే, "నిజం చెప్పడానికి ఉద్యోగం మీదికి తెచ్చుకోవాలా? మొదటి రోజే చెబితే పోయేది కదా," అన్నాడు. భర్తలు ఒక్కోసారి సరైన మాట సరిగ్గా తప్పు సమయంలో అంటారు.

పన్నెండు రోజులు ఇంట్లో ఉన్నాను. పదమూడో రోజు యజమానే ఫోన్ చేశాడు. "కొత్త సరుకు వచ్చింది. ఇక్కడ ఎవరికీ తుప్పు తెలియదు. వస్తారా?" వస్తాను కానీ ఒక షరతు అన్నాను. కేటలాగ్‌లో ప్రతి వస్తువు కింద, మేము చూసినవాటితో పాటు, చూడనివి కూడా రాయాలి. స్క్రూ రాకపోతే రాలేదని, లోపల చూడకపోతే చూడలేదని. "అలా రాస్తే ఎవరు కొంటారు?" అన్నాడు. "చదివినవాళ్లు కొంటారు," అన్నాను. ఫోన్‌లో గొణిగాడు కానీ ఒప్పుకున్నాడు. నేను రిటైరయ్యేదాకా ఆ పేరా మా కేటలాగ్‌లో ఉంది. ఇప్పుడు కొనబోయే మీరు కూడా అమ్మేవాణ్ని ముందు ఇదే అడగండి: నువ్వు ఏమేం చూడలేదు? ఈ ప్రశ్నకి చిరాకుపడే మనిషి దగ్గర కొనకండి. అన్నీ చూశానని నవ్వే మనిషి దగ్గర అసలు కొనకండి.

ఆ అబ్బాయి తమ్ముడి పెళ్లికి వెళ్లలేకపోయాడు. ఉత్తరం చేతికొచ్చినా, లాయర్ మిగతా కాగితాలన్నీ సిద్ధం చేసేసరికి డిసెంబర్ దాటిపోయింది. వాళ్లమ్మ ఒక్కతే విమానం ఎక్కింది. పెళ్లిని కంప్యూటర్లో చూశాడని వేరేవాళ్ల ద్వారా తెలిసింది. మళ్లీ మా వేలానికి రాలేదు. రెండుసార్లు ఇండియన్ స్టోర్‌లో ఎదురుపడ్డాడు. తల ఊపి పక్క వరసలోకి వెళ్లిపోయాడు.

రెండేళ్లు దాటాక ఒక ఆదివారం వాళ్లమ్మ ఫోన్ చేసింది. మళ్లీ అమెరికా వచ్చిందట. కొడుక్కి గ్రీన్ కార్డ్ వచ్చిందని చెప్పింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఉత్తరం ఎవరైనా అడిగారా అన్నాను.

"ఎవ్వలడగలేదంట. అయినా పాస్‌పోర్టులు పెట్టే డబ్బలనే పెట్టిండు, తియ్యనిస్తలేడు," అంది. మళ్లీ తనే, "మావోనికి మీ మీద కోపం మాత్రం ఇంకా పోలేదమ్మా. నేను చెప్పి చూసిన. పెద్దామె, ఒప్పుకున్నది కదరా అన్న. వినడు," అంది.

"చెప్పకండి వదినగారూ," అన్నాను. "తమ్ముడి పెళ్లి మళ్లీ రాదు కదా. ఉండనివ్వండి."